అద్దె ఉన్నందుకు, అడ్వాన్సు పోయినందుకు

మైకక్కను మొదటిసారి ఎదురుగా చూసినప్పుడు నేను పోల్చుకోలేదు. అప్పటికి నాలుగేళ్ళుగా రోజూ వింటున్న గొంతే. బస్టాండులో అడుగు పెడితే చాలు, పైకప్పుకి వేలాడే డబ్బాల్లోంచి దిగి వచ్చేది. వినీ వినీ, ఆవిడ బాగా పొడగరి అనీ, ఇస్త్రీ నలగని మనిషనీ నాకు నేనే ఓ బొమ్మ గీసుకున్నాను. కొత్తగా అద్దెకు దిగుతున్న ఇంటి మెట్ల మీద నా ట్రంకు పెట్టెతో కుస్తీ పడుతుంటే, నా భుజానికైనా అందని ఒకావిడ రెండు చేతుల్లో రెండు కూరల సంచులతో వచ్చి, "మెట్ల మీద సామాను నిలపకండి. దిగేవాళ్ళకి దారి వదలండి" అంది. పెట్టె నా కాలి మీద పడింది.

"మీరు... బస్టాండులో..."

"ఆఁ, నేనే. ఏం, మీ బస్సు ఎప్పుడైనా నా వల్ల తప్పిపోయిందా?"

"లేదండీ."

"అయితే ముందు పెట్టె తియ్యండి."

ఆ రోజు నుంచి ఆవిడ నాకు అక్క, ఆవిడ భర్త బావగారు. వాళ్ళది కింది వాటా, నాది పైది. బావగారు ఇంట్లోనే పుస్తకాలకు అట్టలు కట్టేవారు. పెదవి కదిపితే కుట్టు ఊడిపోతుందన్నట్టు మాట్లాడేవారు కాదు. ఆ ఇంటికి సరిపడా మాటలు అక్కే మాట్లాడేది. నేను పత్రికలో రాత్రిపూట ప్రూఫులు దిద్దేవాణ్ణి కాబట్టి పగలంతా ఇంట్లోనే పడి ఉండేవాణ్ణి. కింద ఏం జరిగినా నా చెవిన పడేది. పడకపోతే కిటికీ దగ్గరికి వెళ్ళేవాణ్ణి.

అక్క బస్టాండు గాజుగదిలో ఇరవై ఆరేళ్ళుగా పని చేస్తోంది. ఆవిడకు ఒక పట్టుదల ఉండేది. తెలిసిందే చెప్పాలి, తెలిసినంతే చెప్పాలి. ఒకసారి ఒక బస్సు దారిలో చెడిపోతే, పైఅధికారి వచ్చి "కొద్దిసేపట్లో వస్తుందని చెప్పమ్మా, జనం గోల చేస్తున్నారు" అన్నాడట. అక్క మైకు నొక్కి, "ప్రయాణికులకు మనవి. మీ బస్సు చెడిపోయింది. వేరే బస్సు కోసం వెతుకుతున్నారు, ఇంకా దొరకలేదు. ఇల్లు దగ్గరున్నవాళ్ళు వెళ్ళి కాఫీ తాగి రావచ్చు" అంది. జనం నవ్వుకుంటూ సగానికి సగం వెళ్ళిపోయారు. గోల తగ్గింది. అక్కకు మాత్రం మెమో వచ్చింది. దాన్ని బావగారు పసుపు అట్టలో పెట్టి కుట్టారు.

ఇక ఇంటి ఓనరు. ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టారు. భార్యతో వెనక వాటాలో ఉండేవారు. మామూలు రోజుల్లో ఆయనంత మంచి మనిషి లేడు. కరెంటు పోతే కొవ్వొత్తి పంపేవారు, జ్వరమొస్తే గడప దగ్గర నిలబడి ఎలా ఉందని అడిగేవారు. ఎవరైనా ఇల్లు ఖాళీ చేస్తాం అన్న రోజున మాత్రం ఆయనలో ఇంకో మాస్టారు లేచి కూర్చునేవారు. పట్టపగలు టార్చి లైటు, చేతిలో స్టీలు స్కేలు, చంకలో నోటుపుస్తకంతో వచ్చేసేవారు. గోడకు మేకు కొట్టిన చిల్లుంటే దాని వెడల్పూ లోతూ కొలిచి, పక్కనే దాని బొమ్మ కూడా గీసేవారు. ఆ బొమ్మలో చిల్లు బావిలా ఉండేది. నీడలు దిద్దడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు.

అక్కకు ముందు ఆ కింది వాటాలో ఒక కాంపౌండరు ఉండేవాడట. కుళాయి తిప్పితే బొంగురుగా శబ్దం వస్తోందని అతని అడ్వాన్సులో సగం ఎగిరిపోయింది. అతనికంటే ముందు బ్యాంకులో క్యాషియరు. ఊళ్ళోవాళ్ళ డబ్బంతా లెక్కపెట్టి ఇచ్చే మనిషి తన డబ్బు తాను రాబట్టుకోలేక, వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి గట్టిగా అడిగేశాడు:

"ఇన్నేళ్ళు అద్దె కట్టాం కదా మాస్టారూ, మళ్ళీ ఈ కోతలెందుకు?"

"అద్దె ఇంట్లో ఉన్నందుకు నాయనా. అడ్వాన్సు పోయినందుకు" అన్నారట మాస్టారు, చాలా శాంతంగా.

ఈ మాట వీధిలో సామెతై కూర్చుంది. అందరికీ తెలుసు, అయినా ఎవరో ఒకరు వచ్చి ఆ ఇంట్లో దిగేవారు. గాలి బాగా వచ్చేది, అద్దె తక్కువ. పైగా ఇంట్లోకి దిగేటప్పుడు బయటికి పోయే రోజు గురించి ఎవరాలోచిస్తారు? నేను మాత్రం ఆలోచించానా?

పన్నెండేళ్ళున్నాక అక్కావాళ్ళకు ఆ ఇల్లు వదలాల్సి వచ్చింది. బస్టాండును ఊరి చివరికి మార్చారు. బావగారి మోకాళ్ళు మెట్లెక్కనంటున్నాయి, గుమ్మం ముందున్న నాలుగు మెట్లకే ఆయన రెండుసార్లు ఆగేవారు. కొత్త బస్టాండు వెనక సందులో నేలకు సమంగా ఉన్న ఇల్లొకటి దొరికింది. అక్క పద్ధతి ప్రకారం రెండు నెలల ముందే మాస్టారికి చెప్పింది. ఆఖరి నెల అద్దె కూడా ఒకటో తారీఖునే కట్టేసింది. అడ్వాన్సులో సర్దుకోమని అందరూ అడిగే ఊళ్ళో ఇదో వింత.

"అడ్వాన్సు ఇల్లు చూశాక మాట్లాడుకుందామమ్మా" అన్నారు మాస్టారు. నెల ఎనిమిదో తారీఖున టార్చితో వచ్చారు.

నేను కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నాను.

పదకొండు మేకులు తేలాయి. అందులో ఏడు కాంపౌండరు కొట్టినవని అక్క అంటే, "మేకుల మీద పేర్లుండవు కదమ్మా" అన్నారు. బావగారి జిగురు చుక్కలు నేల మీద మూడు. వంటగది కిటికీలో ఒక అద్దం పగిలింది. అది తన కుక్కరు విజిల్ ఎగిరి తగలడం వల్లేనని, ఆయన అడగకముందే అక్క చెప్పింది. ఆ తరవాత మాస్టారు బీరువా జరిపించి, అది ఉన్నచోట టార్చి వేశారు.

"చూశావా?"

"శుభ్రంగానే ఉంది కదా మాస్టారూ."

"అదే మరి! ఇక్కడ గచ్చు కొత్తదానిలా మెరుస్తోంది. మిగతా గదంతా మాసిపోయింది. రంగులో తేడా వచ్చేసింది. ఇప్పుడు గదంతా పాలిష్ పెట్టించాలి."

అన్నీ కూడి, గీత గీసి, కింద మొత్తం వేశారు. అక్క ఇచ్చిన అడ్వాన్సు పద్దెనిమిది వేలు. కోతలు పద్దెనిమిది వేల నాలుగు వందలు.

"అంటే నేనే మీకు నాలుగొందలు బాకీనా?" అంది అక్క.

"పోనీలేమ్మా. పన్నెండేళ్ళున్నావు. ఆ నాలుగొందలూ వదిలేస్తున్నాను" అన్నారు మాస్టారు. నిజంగానే ఏదో ధర్మం చేసినవాడిలా ఆయన ముఖం వెలిగింది.

బావగారు ఆ రోజుకు తన వాటా మాట ఒకటి మాట్లాడారు: "పోనీవే." పైనుంచి దిగి నేను మాత్రం ఊరుకోలేకపోయాను.

"అక్కా, ఏమిటి ఆలోచన? రేపు మైకులో ఒక్క ముక్క అనేస్తే చాలదూ! ఊరంతా వింటుంది."

అక్క నా వైపు చూసిన చూపుకి నేను రెండడుగులు వెనక్కి వేశాను. "ఆ మైకు బస్సులది తమ్ముడూ. నా సొంతానికి నాకు నోరుంది."

సామాను రెండు రోజుల్లో కొత్తింటికి చేరిపోయింది. కానీ తాళంచెవి అక్క ఇవ్వలేదు. మాస్టారు చెయ్యి చాపితే, "అద్దె నెలాఖరు దాకా కట్టాను కదా మాస్టారూ, ఇంకా ఇరవై రోజులుంది. మీకెందుకు శ్రమ, ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్ళకి నేనే చూపిస్తాను. డ్యూటీ రెండింటికి అయిపోతుంది. మూడు నుంచి ఆరు దాకా ఇక్కడే ఉంటాను" అంది. మాస్టారు పొంగిపోయారు. మోకాళ్ళ మీద చేతులు వేసుకుని లేవడం ఆయనకీ కష్టంగానే ఉంది మరి. ఆ సాయంత్రమే తన సొంత దస్తూరితో 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' అని రాసిన బోర్డు గేటుకి కట్టారు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. 'సంప్రదించు వేళలు 3 నుండి 6' అని కింద వేరే రంగులో.

ఖాళీ ఇంట్లో అక్క ఒక కుర్చీ, నీళ్ళ సీసా, అల్లిక బుట్ట పెట్టుకుంది. మర్నాడే కొత్తగా పెళ్ళయిన జంట వచ్చింది. ఖాళీ గదుల్లో గొంతు ఖంగున మోగుతుంది కాబట్టి నాకు కిటికీ అక్కర్లేకపోయింది.

"రండి. ఇది ముందు గది. గాలి బ్రహ్మాండం, వేసవిలో ఫ్యాను కూడా అక్కర్లేదు. అది వంటగది. కుళాయి నీళ్ళు ఆరింటికి రావాలి, ఆరున్నరకి వస్తాయి, ఏడింటికి వెళ్ళిపోతాయి. ఇరుగుపొరుగు మంచివాళ్ళు. పైన ఒకబ్బాయి ఉంటాడు, పగలంతా పడుకుంటాడు, పాపం నోట్లో నాలుక లేదు."

"ఓనరుగారు ఎలాంటివారండీ?" అడిగింది ఆ అమ్మాయి.

"దేవుడిలాంటి మనిషమ్మా."

"ఓహో!"

"ఆఁ. సమర్పించుకున్నది ఏదీ వెనక్కి అడగలేం."

అబ్బాయి గొంతు సవరించుకున్నాడు. "అంటే... అడ్వాన్సు సంగతాండీ?"

"అడ్వాన్సునా? కన్నబిడ్డలా చూసుకుంటారు బాబూ. గడప దాటనివ్వరు."

వాళ్ళు ఇంటికెళ్ళి పెద్దవాళ్ళతో మాట్లాడి వస్తామన్నారు. ఆ పెద్దవాళ్ళు ఏమన్నారో ఇప్పటిదాకా తెలియదు.

తరవాత ఒక టీచరు, వాళ్ళమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇల్లు అతనికి బాగా నచ్చింది. అక్క ముసలావిడను కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, ఎంతో మన్ననగా అడిగింది:

"అమ్మగారూ, మీరు ఇంట్లో ఎక్కువ నడుస్తుంటారా?"

"ఎందుకమ్మా?"

"ఏం లేదండీ. మాస్టారికి ఇల్లంటే ప్రాణం. గచ్చు అరుగుతుందని బెంగ. మేము నడిచినచోట మాసిపోయింది, బీరువా ఉన్నచోట మాయలేదు. ఆ తేడాకి పాలిష్ ఖర్చు నా అడ్వాన్సులోంచే ఇప్పిస్తున్నారు. అందుకని ముందే చెప్తున్నా. ఉన్నన్నాళ్ళూ ఒకేచోట కదలకుండా కూర్చుంటే పాపం ఆయనకి ఏ ఇబ్బందీ ఉండదు."

ముసలావిడ గచ్చు వైపు చూసింది, తన పాదాల వైపు చూసుకుంది, కొడుకు వైపు చూసింది. "పదరా" అంది.

వారం గడిచేసరికి తొమ్మిది కుటుంబాలు వచ్చి వెళ్ళాయి. ఒక్కరూ తిరిగి రాలేదు. మాస్టారు మొదట బోర్డు రంగు మార్చారు. తరవాత అద్దె ఒక వంద తగ్గించారు. ఆ తరవాత అనుమానం వచ్చి, కింది వాటా పక్క సందులో పూలకుండీకి నీళ్ళు పోస్తున్నట్టు నిలబడి విన్నారు. పైనుంచి చూస్తున్నాను కదా, కుండీ నిండి నీళ్ళు ఆయన కాళ్ళ మీదుగా పారుతున్నాయి. ఆయనకు తెలియనే లేదు.

వచ్చినవాళ్ళు వెళ్ళగానే లోపలికి దూసుకొచ్చారు. "ఏమిటమ్మా ఇది? నా ఇంట్లో కూర్చుని నా మీదే చెప్తున్నావా?"

"మంచే చెప్తున్నాను మాస్టారూ. మీ ముందైనా అదే చెప్తాను."

"మంచా!"

"నేనన్నదాంట్లో ఏ మాట అబద్ధమో చెప్పండి. రేపట్నుంచి అది మానేస్తాను."

మేకుల సంగతి అబద్ధమందామంటే ఆయన పుస్తకంలోనే బొమ్మతో సహా ఉంది. గచ్చు సంగతీ అంతే. మాస్టారు కక్కలేక మింగలేక గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "నాలుగొందలు వదిలేశాను కదా! అది చెప్పవేం?" అన్నారు.

"మర్చిపోయాను. రేపట్నుంచి అదీ చెప్తాను."

చెప్పింది కూడా. ఆ నాలుగొందల కథ చెప్పడం మొదలుపెట్టాక జనం ఇల్లంతా చూడకుండానే వెళ్ళిపోవడం మొదలుపెట్టారు.

మాస్టారు ఎత్తు మార్చారు. ఒకరోజు పొద్దున్నే, అక్క డ్యూటీలో ఉండగా ఒక పెద్దమనిషిని తీసుకొచ్చారు. తాళంచెవి లేదు కాబట్టి కిటికీలోంచే గదులు చూపించి, నమూనాకి నా వాటా చూపిస్తానని మెట్లెక్కి వచ్చేశారు. ఆ పెద్దమనిషి చుట్టూ చూసి, "మీరెన్నాళ్ళనుంచి ఉంటున్నారు? బాగుంటుందా ఇక్కడ?" అని నన్నడిగాడు. వెనకాల మాస్టారు నా వైపు గుడ్లురుముతున్నారు. నా ఆరు నెలల అడ్వాన్సు ఆయన దగ్గరే ఉంది. బాగుంటుందందామంటే అక్క ముఖం గుర్తొచ్చింది. ఏం చెప్పాలో తోచక దగ్గాను. దగ్గు ఆగలేదు. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి.

ఆ పెద్దమనిషి నా భుజం తట్టి, "అర్థమైంది బాబూ" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఏం అర్థమైందో నాకు తెలియదు. మాస్టారు మాత్రం నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

ఇంతలో ఆ వినోదానికి ఇంకో ప్రేక్షకురాలు తయారైంది. మాస్టారి భార్య, మేమందరం పిన్నిగారు అనేవాళ్ళం. రోజూ మూడు కొట్టగానే చిక్కుళ్ళ పళ్ళెం పట్టుకుని వచ్చి అక్క పక్కన గుమ్మంలో కూర్చునేది. చిక్కుళ్ళు ఒలవడం అయిపోయినా లేచేది కాదు. అక్క "గడప దాటనివ్వరు" అన్న చోట ప్రతిసారీ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

నెలాఖరుకు ఐదు రోజులుందనగా బ్రోకరు ఒక మంచి బేరం పట్టుకొచ్చాడు. కాలేజీలో పాఠాలు చెప్పే లెక్చరరు, ఒంటరి మనిషి, పుస్తకాలు తప్ప సామాను లేదు, అద్దె ఎంతన్నా ఇస్తానన్నాడట. మాస్టారు మధ్యాహ్నం రెండున్నరకే వచ్చి అక్క కోసం గేటు దగ్గర కాపు కాశారు.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను. ఇవాళ ఒక్కరోజు నోరు మెదపకు. నా గురించి మంచీ వద్దు, చెడ్డా వద్దు."

అక్క కాసేపు ఆలోచించింది. "సరే మాస్టారూ. మాటిస్తున్నా. ఇవాళ నోరు మెదపను."

"ఒట్టు?"

అక్క అప్పుడే మొదలుపెట్టేసింది. తల మాత్రం ఊపింది.

లెక్చరరు వచ్చాడు. మాస్టారు స్వయంగా గదులు చూపించారు. గాలి గురించి, వెలుతురు గురించి, తన బోర్డు మీద అక్షరాల గురించి కూడా చెప్పారు. నేను మెట్ల మీద సగం దాకా దిగి కూర్చున్నాను, మంచి ఆట మేడమీంచి చూడకూడదని. అక్క కుర్చీలో కూర్చుని స్వెట్టరు అల్లుకుంటోంది. పిన్నిగారు గుమ్మంలో. లెక్చరరు అన్నీ చూసి, తృప్తిగా తలాడించి, వెళ్ళబోతూ అక్క వైపు తిరిగాడు.

"ఇన్నాళ్ళూ మీరే ఉన్నారట కదండీ?"

అక్క తలూపింది.

"పన్నెండేళ్ళూ ఏ గొడవా లేకుండానే గడిచిందా?"

అక్క మాస్టారి వైపు చూసింది. మాస్టారు ఫ్యాను వైపు చూశారు.

"మీ అడ్వాన్సు మీకు తిరిగి ఇచ్చేశారా?"

అల్లిక సూదులు ఆగిపోయాయి. అక్క చూపు లెక్చరరు మీంచి నెమ్మదిగా మాస్టారి మీదికి వచ్చి అక్కడే నిలబడిపోయింది. ఆ చూపులో కోపం లేదు. ఏం చెప్పమంటారు మాస్టారూ అని అడుగుతున్నట్టు, అంతే. మాస్టారి మెడ మీద చెమట బొట్టు ఒకటి కాలరు దాకా ప్రయాణం చేయడం నేను మెట్ల మీంచి చూశాను.

"అడిగింది మిమ్మల్నేనండీ" అన్నాడు లెక్చరరు, కొంచెం గట్టిగా, ఆవిడకు వినపడదేమో అనుకుని.

అక్క పెదాల మీద వేలు పెట్టి చూపించి, ఆ వేలినే మాస్టారి వైపు తిప్పింది.

"ఆయన మాట్లాడొద్దన్నారా?"

తలూపింది.

లెక్చరరు ఇద్దరికీ నమస్కారం చేసి, బ్రోకరుని ముందుకు తోస్తూ, గేటు తెరిచినది తెరిచినట్టే వదిలేసి వెళ్ళిపోయాడు.

ముందుగా నవ్వింది పిన్నిగారు. కొంగు అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయింది. పళ్ళెంలోంచి చిక్కుళ్ళు గచ్చంతా దొర్లాయి. నవ్వీ నవ్వీ, కళ్ళు తుడుచుకుంటూ లేచి వెనక వాటాలోకి వెళ్ళింది. మాస్టారు "ఏమే, ఏమే" అంటూనే ఉన్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ చేతిలో ఒక రేకు పెట్టె ఉంది.

"వద్దే!" అన్నారు మాస్టారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. బల్ల కింద దొరికిపోయిన బడిపిల్లాడి గొంతు.

"ముప్ఫయ్యేళ్ళనుంచి ఈ పెట్టె మా మంచం కిందే ఉందమ్మా. ఊడ్చినప్పుడల్లా జరుపుతున్నాను" అంటూ పిన్నిగారు మూత తీసింది.

లోపల కవర్లు. ఒక్కోదాని మీద ముత్యాల్లాంటి అక్షరాలు: 'కాంపౌండరు – కుళాయి'. 'క్యాషియరు – తలుపు గొళ్ళెం, రంగు'. 'నర్సమ్మ – కిటికీ చువ్వ'. మొత్తం పదకొండు కవర్లు. పన్నెండోది కొత్తది, 'మైకమ్మ – మేకులు, జిగురు, గచ్చు తేడా' అని రాసి, పద్దెనిమిది వేలూ అందులో పెట్టి సిద్ధంగా ఉంది. ఏ కవరులోంచీ ఒక్క నోటు తీసినట్టు లేదు. ఆ డబ్బుతో మాస్టారు మేకు చిల్లు పూడ్చిందీ లేదు, కుళాయి మార్చిందీ లేదు.

అక్క ఇచ్చిన మాట మీదే ఉంది కాబట్టి నేనే అడగాల్సి వచ్చింది. "మరి ఎందుకు మాస్టారూ?"

ఆయన అక్క ఖాళీ చేసిన గది గుమ్మం మీద కూలబడ్డారు. "ఇచ్చేద్దామనే నాయనా. ప్రతిసారీ అనుకుంటాను. ఇచ్చే రోజు వచ్చేసరికి చెయ్యి రాదు. స్కూల్లో ఆరేళ్ళు సగం జీతం మీద పని చేశాను. ఆ రోజుల్లో చేతిలోంచి ఏది పోయినా మళ్ళీ రాలేదు. తీసుకున్నాక వాడుకోవడానికీ మనసొప్పదు. వాళ్ళ డబ్బు కదా."

"ఆయనకి డబ్బు మిగిలింది" అంది పిన్నిగారు. ఇప్పుడు నవ్వడం లేదు. "నాకు మనుషులు పోయారు. ఈ వాటాలో ఉన్నవాళ్ళంతా నాతో కలిసి నీళ్ళు పట్టుకున్నవాళ్ళే. వెళ్ళాక ఒక్కరూ మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. ఈ అమ్మాయి కూడా వెళ్ళిపోతే నేనెవరితో మాట్లాడాలి? మీ స్కేలుతోనా?"

మాస్టారు పన్నెండో కవరు తీసి, రెండు చేతులతో పట్టుకుని అక్క ముందుకు చాపారు. అక్క అందుకోబోతే ఆయన వేళ్ళు వదల్లేదు. ఒక్క క్షణం ఇద్దరూ దాన్ని చెరోవైపు పట్టుకుని నిలబడ్డారు. పిన్నిగారు ఆయన చెయ్యి మీద ఒక్కటి వేసింది. వదిలారు.

అక్క కవరు విప్పి, కిటికీ అద్దానికి ఎంతవుతుందో వేళ్ళతో లెక్కవేసి, మూడు వందలు తీసి మాస్టారి జేబులో పెట్టింది. జిగురు చుక్కలు మర్నాడు బావగారే వచ్చి మోకాళ్ళ నొప్పితోనే కూర్చుని గీకి వెళ్ళారు. తాళంచెవి మాత్రం అక్క అప్పుడే ఇచ్చేసింది. గేటు దాకా వెళ్ళి, చేతి గడియారం చూసుకుని, మాటిచ్చిన రోజు ఇంకా అయిపోలేదు కాబట్టి చెయ్యి మాత్రం ఊపింది.

మిగతా పదకొండు కవర్లూ ఎవరివి వాళ్ళకి చేరడానికి నాలుగు నెలలు పట్టింది. అడ్రసులు పట్టుకున్నది పిన్నిగారూ అక్కా. తీసుకెళ్ళి ఇచ్చింది మాస్టారే, పిన్నిగారు వెంట ఉండగా. రెండు పాత కవర్లలోని నోట్లు ఎప్పుడో రద్దయిపోయిన రకం. అంత భద్రంగా దాచిన డబ్బు అలా పెట్టెలోనే చచ్చిపోయింది. ఆ రెండింటికీ మాస్టారు పెన్షనులోంచి పెట్టుకోవాల్సి వచ్చింది. ఒకటి కాంపౌండరుది. "చూడు నాయనా, నీ కుళాయికి రెండుసార్లు కట్టాను" అని ఆయన అతని దగ్గరే వాపోయారట. క్యాషియరు మూడుసార్లు లెక్కపెట్టుకుని, సరిగ్గానే ఉందని చెప్పి, వడ్డీ సంగతి అడిగాడు. పిన్నిగారు ఆ మాట వినపడనట్టు వాళ్ళావిడతో కబుర్లలో పడిందట.

ఖాళీ వాటాలోకి అక్కే ఒక బస్సు డ్రైవరు కుటుంబాన్ని పంపింది. అతను మంచివాడే గానీ, రెండో ఏడు మూడు నెలలు అద్దె ఎగ్గొట్టాడు. ఈసారి మాస్టారికి దిక్కు తోచలేదు. గట్టిగా అడిగితే వీధి నవ్వుతుంది, అడక్కపోతే ఇల్లు గడవదు. చివరికి నన్ను తోడు తీసుకుని కొత్త బస్టాండుకు వెళ్ళి, గాజుగది బయట నిలబడి అక్కకు చెప్పుకున్నారు. అక్క విని, మైకు ఆపి, బయటికి వచ్చి, బయల్దేరబోతున్న బస్సు మెట్టు మీద కాలు పెట్టి డ్రైవరుతో మాట్లాడింది.

"ఇదిగో తమ్ముడూ, మాస్టారికి నిన్ను పంపింది నేను. నీ మీద నా మాట ఉంది. బస్సు ఆలస్యమైతే నేను చెప్పుకోగలను గానీ, నా మాట ఆలస్యమైతే ఎక్కడ చెప్పుకోను?"

ఆ పదిహేనో తారీఖుకి రెండు నెలల అద్దె వచ్చింది. మూడోది అతను ఇంకో నెల గడువు అడిగాడు. మాస్టారు ఇచ్చారు.

ఆ ఆదివారం మాస్టారూ పిన్నిగారూ అక్క కొత్తింటికి వెళ్తూ నన్నూ రమ్మన్నారు. బావగారు అట్ట కడుతున్న పుస్తకం పక్కన పెట్టి కుర్చీలు వేశారు. కాఫీ తాగుతూ మాస్టారు గోడల వంక అదేపనిగా చూడటం గమనించి అక్క అడిగింది, "ఏమిటి మాస్టారూ, మళ్ళీ మేకులా?"

"కాదమ్మా. ఆ మూల చెమ్మ దిగుతోంది. మీ ఓనరుకి చెప్పావా?"

"మూడుసార్లు చెప్పాను. చూద్దాం, చూద్దాం అంటున్నాడు."

మాస్టారు కప్పు కింద పెట్టి లేచారు. "ఎక్కడుంటాడు వాడు?"